అడగకుండా ఇచ్చిన సీసా

ఐటీ కంపెనీలో నర్సుకి పనేముంటుందని మా బంధువులు నేను రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉన్నారు. ఏసీ గదిలో కూర్చుని తలనొప్పి మాత్రలు ఇవ్వడమే కదా అనేవారు. నవ్వి ఊరుకునేదాన్ని. ఆ మాత్రల కోసం వచ్చినవాళ్లు తలుపు దగ్గరికి వేసి, కుర్చీ అంచున కూర్చుని ఏం చెప్పుకునేవారో ఇంట్లో చెప్పే వీలు లేదు. నిద్ర పట్టడం లేదని, లిఫ్టు ఎక్కితే గుండె దడదడలాడుతోందని, ఆదివారం సాయంత్రం అయ్యేసరికి ఏడుపొస్తోందని చెప్పేవారు. పదకొండేళ్లు విన్నాను. అన్నీ నాలోనే ఉంచుకున్నాను, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని గురించే ఇది. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు చదివితే చాలు.

అంతకుముందు ఇరవై ఏళ్లు ఆసుపత్రి వార్డుల్లో పనిచేశాను. వార్డులో రోగి మంచం మీద ఉంటాడు, చీటీ మీద జబ్బు పేరుంటుంది. హైటెక్ సిటీలో రోగి మెడలో ఐడీ కార్డు వేసుకుని మీటింగులో ఉంటాడు. జబ్బు పేరు అతనికే తెలియదు, తెలిసినా ఎవరికీ చెప్పడు. కరోనా తర్వాత ఆఫీసులు మళ్లీ తెరిచాక ఇలాంటివాళ్లు నా గదికి ఎక్కువగా రావడం మొదలుపెట్టారు.

వాళ్లలో ఒకాయన నలభై దాటిన టీమ్ లీడ్. ఊరు శంకర్‌పల్లి దగ్గర, కాపురం మూసాపేటలో. మొదట బీపీ చూడమని వచ్చారు. నాలుగోసారి వచ్చినప్పుడు చేతికి కట్టిన పట్టీ విప్పుతుంటే, "సిస్టర్, నేను ఆఫీసుల తాగుతున్న" అన్నారు. వాంతి ఆపుకోలేనట్టు వచ్చింది ఆ మాట. ఎక్కడ, ఎలా అని నేను అడగకుండానే చెప్పేశారు. రోజూ ఇంటి నుంచి స్టీలు సీసాలో కొబ్బరినీళ్లు తెచ్చుకునేవారు. మన సార్‌కి ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధో అని టీమంతా మెచ్చుకునేది. అందులో సగం వోడ్కా. (అసలు వస్తువు ఇది కాదు. ఇది రాసే ముందు ఆయన్ని అడిగాను, గుర్తులు మార్చమన్నారు, మార్చాను.)

నాకు తెలిసిన సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. వెళ్లారు, మందులు మొదలుపెట్టారు. కొన్నాళ్లకు వాళ్ల టీము కోకాపేటలో కొత్త బిల్డింగుకి మారింది. అయినా ప్రతి సోమవారం ఫోన్ చేసి, "సిస్టర్, నడుస్తున్నది" అని ఒక్క మాట చెప్పేవారు.

ఆ రోజుల్లోనే మా హెచ్ఆర్ మేడంకి ఒక ఆలోచన వచ్చింది. మానసిక ఆరోగ్యం మీద, వ్యసనాల మీద మేనేజర్లకు శిక్షణ ఇప్పిస్తే, మేం వేసిన స్లైడ్లు చూస్తూ వాళ్లు కింద ఈమెయిళ్లు రాసుకునేవారు. అందుకని ఈసారి నాటకం వేయిద్దామన్నారు. ఒక నాటక బృందాన్ని పిలిచారు. దాన్ని నడిపేది సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఒక డైరెక్టర్. ఊళ్లలో, బస్టాండ్లలో నాటకాలు వేసిన మనిషి. ఆయన పద్ధతి వేరు. నాటకం ఒకసారి మొత్తం ఆడతారు, చివర్లో అంతా చెడిపోతుంది. రెండోసారి మొదలుపెట్టినప్పుడు చూసేవాళ్లలో ఎవరైనా "ఆగు" అని లేచి, మేనేజర్ పాత్ర స్థానంలోకి వెళ్లి, ఆ జబ్బు మనిషితో తాను ఎలా మాట్లాడతాడో ఆడి చూపించాలి. చెప్పి నేర్పలేనిది ఒంటితో చేయించి నేర్పడం అన్నమాట.

వైద్యం సంగతులు తప్పు పోకుండా చూడమని నన్ను రిహార్సల్స్‌కి పంపారు. రెండో రోజు ఆయన స్క్రిప్టు కాగితాలు బల్ల మీద పడేసి, "అక్కా, ఇందుల ఉప్పు లేదు" అన్నారు.

"ఏం లేదండీ?"

"నిజం లేదు. తాగేటోడు ఆఫీసుల ఎట్ల దాస్తడు? డ్రాయర్‌ల సీసా పెట్టుకుంటడా? గట్లయితె ఒక్క దినంల దొరుకుతడు. నువ్వు ఇన్నేండ్ల సంది చూస్తున్నవ్, జర ఒక్కటి చెప్పు."

"దాచడండీ," అన్నాను. "అందరి ముందే బల్ల మీద పెట్టుకుంటాడు." కొబ్బరినీళ్ల సంగతి చెప్పేశాను.

పేరు చెప్పలేదు. నిజంగా జరిగిందని కూడా చెప్పలేదు. కానీ ఆ మాట వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "అబ్బ, ఏం చెప్పినవక్కా!" అని నటుల్ని పిలిచి మళ్లీ చెప్పించారు. అప్పటికి ముప్పై ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను, డాక్టర్ల వెనకాల నిలబడే మనిషిని. నా మాటకు ఎవరి ముఖమూ అలా వెలగలేదు. తప్పు చేయడానికి నాకు ఆ కాస్త మెప్పు సరిపోయింది.

ఇంటికి వెళ్లే దారిలో గుబులు మొదలైంది. ఆ టీమ్ లీడ్ పనిచేసేది కోకాపేటలో, నాటకం మా బిల్డింగు వాళ్లకే అని సర్దిచెప్పుకున్నాను. మర్నాడు మళ్లీ గుబులు, మళ్లీ అదే సర్దుబాటు. వారం రోజులు అలాగే గడిపాను.

నాటకం రోజు పొద్దున తొమ్మిదిన్నరకి హెచ్ఆర్ మేడం నా గదిలోకి తొంగి చూసి, "సిస్టర్, గుడ్ న్యూస్. కోకాపేట వాళ్లని కూడా, టీములతో సహా, ఈ షోకే పిలిచేశాం. ఒకే బ్యాచ్‌లో అయిపోతుంది" అన్నారు. వచ్చేవాళ్ల జాబితా నా బల్ల మీద పెట్టారు. తొమ్మిదో పేరు ఆయనది. దాని కింద వరసగా ఆయన టీములోని నలుగురు.

పదకొండింటికి నాటకం. గంటన్నర టైముంది. నాలుగో అంతస్తుకి వెళ్లాను. నటులు ముఖాలకు పౌడరు అద్దుకుంటున్నారు. నాటకంలో వాడే స్టీలు సీసా కిటికీ గట్టు మీద ఉంది. డైరెక్టర్ నన్ను చూసి, "ఏందక్కా, పరేషాన్ కనిపిస్తున్నవ్?" అన్నారు. సీసా తీసేయండి అనాలి. ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే నేనేం చేశానో తెలిసిపోతుంది.

"టీలు తాగారా అండీ?" అని అడిగాను.

తాగామన్నారు. కిందికి వచ్చేశాను.

తర్వాత ఆ టీమ్ లీడ్‌కే ఫోన్ చేశాను, ఏదో సాకు చెప్పి రావద్దందామని. మొదటి రింగుకే ఎత్తారు. వెనకాల రోడ్డు చప్పుడు. "సిస్టర్, దార్ల ఉన్న. ఇయ్యాల మీ బిల్డింగుకే వస్తున్న. తాగక నలభై రెండు దినాలైంది! ముఖాముఖి చెప్దామనుకున్న" అన్నారు. అంత హుషారైన గొంతు ఆయన దగ్గర అంతకుముందెప్పుడూ వినలేదు.

"రండి" అన్నాను. ఇంకేం అనగలను?

హాలులో అరవై మంది దాకా ఉన్నారు. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆయన మూడో వరసలో కూర్చున్నారు. నన్ను చూసి చెయ్యి ఊపారు. కుర్చీ కింద, కాళ్ల దగ్గర, ఆయన స్టీలు సీసా ఉంది. మందు మానేసినా కొబ్బరినీళ్లు మానలేదని సోమవారాల్లో చెప్పేవారు.

నాటకం మొదలైంది. టీమ్ లీడ్ వేషం వేసిన కుర్రాడు సీసా పట్టుకుని వచ్చి, గటగటా తాగి, "కొబ్బరినీళ్లు! ఒంటికి చలువ!" అన్నాడు. హాలంతా నవ్వింది. మూడో వరసలో ఆయన టీములోని అమ్మాయి చప్పట్లు కొట్టి, "సార్, మీరే! అచ్చం మీరే!" అంది. ఆ పిల్లకి ఏ దురుద్దేశమూ లేదు. సీసా ఒక్కటే చూసింది. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వారు.

తర్వాతి పది నిమిషాలు నాకు ఇప్పటికీ సెకన్ల వారీగా గుర్తున్నాయి. వేదిక మీద ఆ కుర్రాడు మధ్యాహ్నం మాట తడబడుతున్నాడు. క్లయింట్ కాల్ మర్చిపోతున్నాడు. భార్య ఫోన్ చేస్తే మెట్ల మీదకి పోయి అబద్ధం చెబుతున్నాడు. ఒక్కో సంగతి బయటపడుతున్నకొద్దీ మూడో వరసలో నవ్వు ఒక్కొక్కరి దగ్గర ఆగిపోతోంది. ఎవరికి వాళ్లు పాత సంగతులేవో కలుపుకుంటున్నారని వెనక నుంచి నాకు తెలుస్తోంది. ఒకతను తల వంచి ఆయన కాళ్ల దగ్గరి సీసా వైపు చూశాడు. పక్కవాడూ చూశాడు. చప్పట్లు కొట్టిన అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం కదలకుండా ముందుకే చూస్తున్నారు.

మొదటి ఆట ముగిసింది. డైరెక్టర్ ముందుకొచ్చి, "ఇప్పుడు మీల ఎవరన్న రావాలె. ఈ మేనేజర్ జాగల నిలబడి, ఈ మనిషితోని ఎట్ల మాట్లాడాల్నో చూపియ్యాలె. ఎవరొస్తరు?" అన్నారు.

మూడో వరసలోంచి ఆయన లేచారు. వేదిక దాకా నడిచి, ఆ నటుడి చెయ్యి పట్టుకుని ఊపారు. "మంచిగ చేసినవ్ తమ్మీ" అన్నారు. వెనక్కి తిరిగి నా వైపు ఒక్క చూపు చూశారు. పక్క తలుపు తీసుకుని వెళ్లిపోయారు.

నేను కారిడార్‌లోకి పరుగెత్తేసరికి లేరు. లిఫ్టు కిందికి పోయింది. మెట్ల మీద పడుతూ లేస్తూ దిగాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను, సార్ ఇప్పుడే ఆటో ఎక్కారన్నాడు. ఫోన్ చేస్తే నా వెనకే మోగింది. ఆ టీము అమ్మాయి ఆయన ఫోను, సీసా రెండూ పట్టుకుని నా వెంట దిగి వచ్చింది. "కుర్చీ దగ్గర వదిలేశారు సిస్టర్. నేను జోక్‌గా అన్నాను, నాకు తెలీదు" అని ఏడుస్తోంది.

సీసా తీసుకుని, మూత తీసి వాసన చూశాను. ఉత్త కొబ్బరినీళ్లు. ఆ వాసన చూసినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆయన భార్య నంబరు నా రికార్డులో ఉంది, అత్యవసరమైతేనే వాడాలి. వాడాను. ఆవిడకి మూసాపేటలో చిన్న టైలరింగ్ షాపు. విషయం చెబుతుంటే కుట్టుమిషను చప్పుడు ఆగింది. "ఆయన కథ నాటకంల పెట్టిన్రా? ఎవరు చెప్పిన్రు మేడం?" అంది.

"నేనేనండీ."

కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత, "ముందుగల మనిషిని దేవులాడున్రి. ఇంటికొస్తడేమో, నేను ఈడ చూస్త" అంది.

డైరెక్టర్ తన పాత కారు తీశారు. దారిలో ఆయనకీ నిజం చెప్పాను. కారు పక్కకి ఆపేశారు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, "పొద్దుగాల వచ్చి టీ తాగిన్రా అని అడిగినవ్ గద అక్కా" అన్నారు. "గప్పుడే చెప్తె సీసా తీసి అవతల పారేస్తుంటి. ఇన్నేండ్ల సంది నాటకం ఏస్తున్న, ఒక మనిషిని గిట్ల బజార్ల నిలబెట్టలే. నన్ను గూడ దొంగను చేసినవ్." ఆయన మళ్లీ కారు పోనిచ్చారు.

వైన్ షాపులు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాం. యాభై ఏడేళ్ల ఆడమనిషి, ఐడీ కార్డు మెడలో ఉండగానే, మధ్యాహ్నం ఎండలో వైన్ షాపు ముందు నిలబడి ఒక్కో ముఖం వెతుకుతుంటే అక్కడున్నవాళ్లు పక్కకి తప్పుకున్నారు. తన భర్త కోసం వచ్చిందనుకుని ఉంటారు. డైరెక్టర్, "ఫోన్ల ఫొటో ఉంటె చూపిద్దామా?" అన్నారు. వద్దన్నాను. ఆయన గురించి ఇంకొక్కరికి తెలియనివ్వడం నా వల్ల కాదు. రెండు గంటలు దాటింది, మూడు దాటింది. వార్డుల్లో చూసినవన్నీ గుర్తొచ్చాయి. మానేసినవాడు ఒక్కసారిగా మళ్లీ తాగితే ఏమవుతుందో నాకు తెలుసు. తాగకుండా ఇంకేదైనా చేసుకుంటే ఏమవుతుందో కూడా తెలుసు.

నాలుగింటికి ఆయన భార్య ఫోన్ చేసింది. "లింగంపల్లి స్టేషన్‌ల ఉన్నడట. ఎవరిదో ఫోన్ అడిగి చేసిండు. నువ్వొచ్చి తీస్కపో, ఒక్కన్నే స్టేషన్ బయటికి రాను అంటున్నడు. నేనొచ్చేసరికి గంటయితది. మీరు దగ్గర ఉన్నరు. పోయి కూసోన్రి."

"నన్ను చూస్తే ఇంకా..."

"ఎవరో ఒకరు పక్కన ఉండాలె మేడం" అంది.

డైరెక్టర్ స్టేషన్ బయటే ఆగిపోయారు. తన ముఖం చూస్తే ఆయనకి మళ్లీ నాటకమే గుర్తొస్తుందన్నారు. నేనొక్కదాన్నే వెళ్లాను. ప్లాట్‌ఫారం చివర సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. చొక్కా చెమటకి తడిసిపోయింది. నేను వెళ్లి ఒక మనిషి పట్టేంత ఎడం వదిలి కూర్చున్నాను. ముందు వాసన కోసం ఊపిరి పీల్చాను. ఏమీ రాలేదు.

"తాగలే" అన్నారు, నా వైపు చూడకుండానే.

"సరేనండీ."

"ఆటో దిగి రైలెక్కిన. నాంపల్లి దాక పోయిన, మళ్ల ఈడికొచ్చిన. మళ్ల పోయిన, మళ్ల వచ్చిన. రైలు డబ్బల వైన్స్ ఉండది గద సిస్టర్. బయట అడుగు పెడితె ఎదురుంగనే ఉంటది."

ఒక రైలు వచ్చి ఆగింది. జనం దిగారు, ఎక్కారు. వెళ్లిపోయింది.

"నా తప్పేనండీ. నేనే చెప్పాను. పేరు చెప్పలేదు."

"పేరెందుకు?" అన్నారు. "సీసా చాలు గద."

మెడలో ఇంకా ఉన్న ఐడీ కార్డు తీసేసి చేతిలో పట్టుకున్నాను.

"ఆ రూంల మీకు ఒక్కరికే చెప్పిన. నా పెండ్లానికి చెప్పకముందు మీకు చెప్పిన. నన్ను అడిగితె ఇస్తుంటినేమో. మంచి పనికే గద, నలుగురు తెలుసుకుంటరంటె నేనే ఇస్తుంటినేమో. అడగకపోతిరి."

క్షమించమనాలని నోటిదాకా వచ్చింది. కానీ అప్పుడు క్షమించమంటే, ఆ స్థితిలో ఉన్న మనిషి మీద నా బరువు కూడా పెట్టినట్టే. అందుకని నోరు మూసుకుని కూర్చున్నాను. మరో రైలు వచ్చింది, పోయింది. ఒకసారి లేచి స్టేషన్ మెట్ల వైపు రెండడుగులు వేశారు. నేను లేవలేదు, పిలవలేదు. పిలిచే హక్కు నాకు ఉన్నట్టు అనిపించలేదు. ఆయనే కాసేపు నిలబడి, తిరిగొచ్చి బెంచీ మీద కూలబడ్డారు.

ఆయన భార్య మెడలో కొలత టేపు అలాగే వేలాడుతుండగా పరుగున వచ్చింది. ఆయన పక్కన కూర్చుని, కొంగుతో ముఖం తుడిచి, "తిన్నవా?" అని అడిగింది. తల అడ్డంగా ఊపారు. సంచిలోంచి డబ్బా తీసింది. మూత తీస్తూ నా వైపు చూసి, "మేడం, ఇగ మీరు పోన్రి" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మర్నాడు జరిగిందంతా రాసి హెచ్ఆర్ మేడంకి ఇచ్చాను. ఆవిడ చదివి తలుపు వేసి, "అతను కంప్లైంట్ చేయలేదు కదా సిస్టర్. ఇది పేపర్ మీద పెట్టడం అవసరమా?" అన్నారు. అవసరమేనన్నాను. నాకు హెచ్చరిక లేఖ వచ్చింది, శిక్షణ కార్యక్రమం నుంచి తప్పించారు. తక్కువ శిక్షే. ఆ నాటకం ఆపేసి డైరెక్టర్ కొత్తది రాశారు. చెప్పిన మనిషి ఒప్పుకుంటే తప్ప ఎవరి అనుభవమూ అందులో పెట్టనని కంపెనీకి రాసిచ్చారు. నాతో మాట్లాడటానికి ఆయనకి ఆరు నెలలు పట్టింది.

నాటకం వల్ల మంచేమీ జరగలేదని చెప్పలేను. ఆ టీము అమ్మాయి, ఇంకో ఇద్దరు నా గదికి వచ్చి, "సార్ తిరిగొస్తే మేం ఎలా ఉండాలి? అడగాలా, అడగకూడదా?" అని కూర్చున్నారు. శిక్షణ కోరుకున్నది సరిగ్గా అదే. అదే టీములో ఎవరో వాట్సాప్ గ్రూపులో వెక్కిరింతగా కొబ్బరికాయ బొమ్మ పెట్టారని కూడా విన్నాను. రెండూ ఒకే నాటకం చూసినవాళ్లు చేసినవే.

ఆయన రెండు నెలలు సెలవు పెట్టి చికిత్స తీసుకున్నారు. వేరే టీముకి మారారు. మధ్యలో ఒకసారి మళ్లీ తాగారని, మళ్లీ మానారని ఎవరో చెబితే తెలిసింది. నా సోమవారం ఫోన్లు మాత్రం ఆగిపోయాయి. రిటైరయ్యేదాకా ప్రతి సోమవారం పొద్దున ఫోను బల్ల మీద వెల్లకిలా పెట్టుకునే కూర్చునేదాన్ని. మోగలేదు.

రిటైరైన కొన్ని నెలలకి, లింగంపల్లి కూరగాయల మార్కెట్లో గోంగూర కట్టలు ఏరుతుంటే, "సిస్టర్" అని వినిపించింది. ఆయనే. కాస్త ఒళ్లు చేశారు. పక్కన పన్నెండేళ్ల కూతురు, చేతిలో సంచి. ఇల్లు ఇటువైపు మారామన్నారు. బాగున్నారా అంటే బాగున్నామనుకున్నాం. ఇద్దరం గోంగూర వైపు చూస్తూ నిలబడ్డాం.

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "ఎవరు డాడీ?" అంది.

ఏం చెప్పినా నేను పడాల్సిందే. నిజమే చెప్పినా తప్పు లేదు.

ఆయన సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "మా ఆఫీసుల సిస్టర్ బిడ్డా," అన్నారు. "ఒక దినం నా పానం మంచిగ లేకుంటె, మీ అమ్మ వచ్చేదాంక పక్కన కూసుంది."

ఆ పిల్ల నాకు నమస్కారం పెట్టింది. ఇద్దరూ ఉల్లిపాయల వైపు వెళ్లిపోయారు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే సగమే. మిగతా సగం నేను చెప్పుకోవాల్సింది, చెప్పాను.